ఇన్వర్టర్‌కి జ్వరం చార్టు

టక్. కరెంటు పోగానే మా వరండా గోడకున్న సోలార్ ఇన్వర్టర్ చేసే చప్పుడు అది. ఇల్లు బ్యాటరీ మీదికి మారిందని అర్థం. ఆ వెంటనే దాని ఫ్యాను సన్నగా మూలగడం మొదలుపెడుతుంది. ఈ ఆదివారం పొద్దున బెండకాయలు తరుగుతుంటే ఆ చప్పుడు వినబడింది. చెయ్యి ఎప్పటిలాగే ఫోను కోసం వెళ్లి, సగం దారిలో ఆగింది. దానికి అలా ఆగడం నేర్పింది యాదమ్మ సిస్టర్. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

ఎల్బీ నగర్‌లో మా ఎదురిల్లు ఆవిడది. నల్లగొండ పక్క పల్లెనుంచి వచ్చి, సర్కారు దవాఖానలో హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. నవ్వు తక్కువ, చూపు ఎక్కువ. పాలవాడు కూడా ఆవిడ గేటు ముందు హారన్ కొట్టడానికి జంకేవాడు. మేము గుంటూరు వైపునుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. మొదటి రెండేళ్లూ "బాగున్నారా" దాటి నేను ఆవిడతో మాట్లాడింది లేదు. ఆ తర్వాత మావారి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. పగలూ రాత్రీ ఆక్సిజన్ మిషన్ పెట్టుకునే ఉండాలన్నారు డాక్టర్లు. ఆ మిషన్ నడవాలంటే కరెంటుండాలి. అందుకే మేడ మీద సోలార్ పలకలు, కింద ఇన్వర్టరు, బ్యాటరీ పెట్టించుకున్నాం. అత్యవసరానికి చిన్న సిలిండరు ఉండేది కానీ, ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన దాన్ని తిప్పుకోగలరో లేదోనని నా భయం.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో బోటనీ చెబుతాను. మెట్రోలో మూడు స్టేషన్ల దూరం. ఆ రోజుల్లో నాకది సముద్రానికి అవతలి ఒడ్డులా ఉండేది. ఇన్వర్టర్ కంపెనీ యాప్ అరగంట పాత కబురు చెబుతుందని, మా సెంటర్‌లో కంప్యూటర్లు చూసే ఆయన్ని బతిమాలి, నా ఫోనులో ఇన్వర్టర్ తెర నేరుగా కనబడేలా చేయించుకున్నాను. ఇంట్లో వైఫై పెట్టె ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఇస్తుందట. మా ఇన్వర్టర్‌ది ఇరవై మూడు. నా ఫోను ఆ ఇరవై మూడునే వెతుక్కుంటూ వెళ్లి బ్యాటరీ ఎంతుందో చెప్పేది. నాలుగు రోజులు బాగానే చెప్పింది. ఐదో రోజు తెర ఖాళీ. ఇంటికెళ్లి చూస్తే ఇరవై మూడు టీవీకి పోయింది, ఇన్వర్టర్ ఇరవై ఏడులో కూర్చుంది. మార్చాను. మర్నాడు మళ్లీ ఇంకెక్కడికో పోయింది. క్లాసులో కణవిభజన చెబుతూ బల్ల కింద ఫోను చూసుకునేదాన్ని. ఖాళీ తెర చూసినప్పుడల్లా, మిషన్ ఆగిపోయిందనీ, ఆయన మంచం మీద ఎగశ్వాస పడుతున్నారనీ ఊహించుకునేదాన్ని.

ఒక సాయంత్రం కాలుగాలిన పిల్లిలా వస్తుంటే గేటు దగ్గర యాదమ్మగారు ఆపారు.

"ఏంది బిడ్డా, రోజూ గట్ల ఉరుక్కుంట ఒస్తవ్?"

చెప్పాను. వైఫై గురించి ఆవిడకు ఏమీ తెలియదు. అయినా అంతా విన్నారు.

"ఇయ్యాల ఎన్నింటికి పోయింది?"

"మధ్యాహ్నమండీ."

"మధ్యాహ్నమంటె? పన్నెండా, రెండా?"

"చూసుకోలేదండీ."

"నిన్న?"

"గుర్తులేదు."

"మరి ఏం జూసి మందేస్తున్నవ్?"

లోపలికెళ్లి రెండు గీతల కాగితాలు తెచ్చారు. ఒకటి ఆవిడకి, ఒకటి నాకు. కరెంటు పోయిన టైమూ వచ్చిన టైమూ ఆవిడ రాస్తారు. తెర ఖాళీ అయిన టైము నేను రాయాలి, అంతకుముందు నేనేం చేశానో కూడా రాయాలి.

"నేనేం చేస్తే దానికేంటండీ?"

"వార్డుల రోగి పక్కన ఎవరు కూసున్నరో గూడ రాస్తుంటిమి. ఒక్కపాలి జూస్తె జరమొచ్చిందని తెలుస్తది. నాలుగు దినాలు రాస్తె ఏం జరమో తెలుస్తది."

రాశాను. ఎనిమిదో రోజు సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చి, మావారి మంచం పక్కనే కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. నాలుగుసార్లు కరెంటు పోయినప్పుడే తెర పోయింది. వైఫై పెట్టె బ్యాటరీ లైను మీద లేదు. కరెంటుతో పాటే అదీ ఆరిపోతోంది. మళ్లీ వెలిగాక ఫోన్లూ టీవీ ముందే దొరికిన నంబర్లు పట్టేసుకుంటే, నింపాదిగా వచ్చే ఇన్వర్టర్‌కి మిగిలింది దక్కుతోంది. అంతవరకు నాకూ అర్థమైంది. మరో మూడుసార్లు మాత్రం కరెంటు ఉండగానే పోయింది. ఆవిడ వేలు నా రాతల మీద ఆగింది. మూడు చోట్లా ఒకటే ఉంది: "ఫోన్ చేశాను. బ్యాటరీ ఎందుకు దిగిందని అడిగాను."

ఆవిడ మావారి వైపు తిరిగారు.

"శ్రీనివాసూ, నువ్వేనా?"

ఆయన తల దించుకున్నారు. "నేనేనండీ. వైఫై ప్లగ్గు పీకేసి, కాసేపాగి పెడుతున్నా." నావైపు చూసి, ఆగి ఆగి చెప్పారు. "ఆ బ్యాటరీ అంకె రెండు దిగితే చాలు, ఫోన్ మోగుతుంది. మాట్లాడితే నాకు ఆయాసం. ఎత్తకపోతే నువ్వు హడలిపోతావు. నెట్ పోయిందంటే సాయంత్రం దాకా నెట్‌వాళ్లని తిట్టుకుంటావు. ఆ కాసేపూ నేను ఊపిరి పీల్చుకుంటాను."

నాకు ముందు కోపమొచ్చింది. నేనెవరి కోసం చస్తున్నాననుకుంటున్నారు ఈయన? ఆ తర్వాత, ఆ నాలుగు మాటలు చెప్పడానికి ఆయన ఎన్నిసార్లు ఆగారో గుర్తొచ్చి సిగ్గేసింది.

మిగతా పని తేలికే. ఇన్వర్టర్‌కి అంటించిన చీటీ మీద దాని సొంత గుర్తు ఒకటుంటుంది, అది ఎన్నటికీ మారదు. మా కంప్యూటర్ల ఆయన ఇరవై మూడుని ఆ గుర్తుకే కట్టేశాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి వైఫై పెట్టెను బ్యాటరీ లైనుకి కలిపాడు. నన్ను కట్టేసింది యాదమ్మగారు. కాగితం కింద పెద్ద అక్షరాలతో రాశారు: ఫోను ఒంటిగంటకు ఒక్కసారే, అది కూడా శ్రీనివాసే చేస్తాడు.

"ఈలోపు ఏమన్నా అయితేనండీ?"

"నేను ఎదురుంగనే ఉన్న గద."

ఉన్నారు. రోజూ పదకొండింటికొకసారి, నాలుగింటికొకసారి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూసి వెళ్లేవారు. మొదటి వారం ఒంటిగంటయ్యేదాకా క్లాసులో గోడ గడియారమే చూసుకునేదాన్ని.

పోయిన వేసవిలో ఆవిడే దవాఖానలో పడ్డారు. చూడ్డానికెళ్లి పక్కన కూర్చున్నానే గానీ, నా కళ్లు ఆవిడ తలవైపున్న మిషన్ మీదే ఉన్నాయి. ఆక్సిజన్ అంకె తొంభై ఒకటి, తొంభై, మళ్లీ తొంభై ఒకటి. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"దాన్ని సూడకు బిడ్డా. నన్ను సూడు."

కుర్చీ ఇటు జరుపుకుని కూర్చున్నాను. ఆవిడ వేళ్లు ఎంత చల్లగా ఉన్నాయో అప్పుడు తెలిసింది. రెండు చేతులతో పట్టుకుని, నర్సు నన్ను బయటికి పంపించేసేదాకా రుద్దుతూ ఉండిపోయాను. మళ్లీ ఆవిడను చూడలేదు.

ఈ ఆదివారం ఫోను గట్టు మీదే వదిలేసి గదిలోకెళ్లాను. మావారు పేపరు చదువుతున్నారు. పెదవుల రంగు బాగుంది. ఛాతీ తాపీగా లేచి పడుతోంది. వరండాలో ఫ్యాను మూలుగుతూనే ఉంది.

"బ్యాటరీ ఎంతుందట?" అన్నారాయన, పేపరులోంచి తలెత్తకుండా.

"చూడలేదు" అన్నాను.

ఆయన తలెత్తారు.