సొట్ట లేని మరచెంబు

హాల్లో ఉన్నవాళ్లం ముగ్గురం: మా పెద్దమ్మ, పక్కింటావిడ, నేను. ఉన్న వస్తువులు: కిటికీ దగ్గరికి జరిపిన నవారు మంచం, దాని మీద నేను పరిచిన తెల్ల దుప్పటి, అడిగి తెచ్చుకున్న డిజిటల్ కెమెరా, కొలతలు తీసే కాలిపర్స్, దుప్పటి మధ్యలో రాగి మరచెంబు. చెంబు మీద పెద్దమ్మ చెయ్యి.

జగ్గయ్యపేటలో పెద్దమ్మ ఇంటికి వెళ్లింది ఆ చెంబు కోసమే. అప్పటికి నా పాలిటెక్నిక్ అయిపోయింది. నందిగామలో శుభలేఖలు కంపోజ్ చేసే షాపులో పనిచేస్తున్నాను. పని లేనప్పుడు అక్కడి కంప్యూటర్ మీద చిన్నప్పటి వస్తువుల బొమ్మలు గీసేవాణ్ణి. బలపాల డబ్బా, లక్క బొంగరం, గోళీసోడా సీసా, ఇంకు ఫిల్లరు. అవన్నీ జ్ఞాపకం మీదే వచ్చాయి. మరచెంబు రాలేదు. తొంభైల్లో వేసవి సెలవులకు పెద్దమ్మతో బస్సెక్కినప్పుడల్లా అది నా ఒళ్లోనే ఉండేది. ఒకసారి నందిగామ బస్టాండులో బస్సు మెట్టు మీద జారవిడిచాను, పొట్ట మీద సొట్ట పడింది. ఆ సొట్ట లోతెంతో, దాని మీద వెలుగు ఎలా పడుతుందో తెలిస్తే తప్ప బొమ్మ పూర్తి కాదు. అందుకే వారం ముందు ఫోన్ చేసి, "ఆ పాత రాగి చెంబు తీసి ఉంచు పెద్దమ్మా. ఏం పట్టుకుపోను, ఫొటో తీసుకుంటానంతే" అన్నాను.

తప్పు అక్కడే జరిగింది. ఆ రోజుల్లో మా వైపు ఒక పుకారు తిరుగుతోంది. పిడుగు సోకిన పాత రాగి పాత్ర పక్కన బియ్యం పోస్తే గింజలు వాటంతటవే పాక్కుంటూ వస్తాయని, అలాంటి దానికి లక్షలు ఇస్తారని. ఆ లక్షలిచ్చే మనుషులు ముందు వచ్చి అడిగేది ఫొటో ఒక్కటేనట.

"మైలవరంలో మా ఆడపడుచు వాళ్ల వీధిలోనూ ఇట్టాగే వదినా," అంది పక్కింటావిడ కెమెరా వైపు చూస్తూ. "ముందు ఫొటోలే. తర్వాత చూస్తే చెంబూ లేదు, ఆ మనిషీ లేడు."

"మా చెల్లెలి కొడుకేలే," అంది పెద్దమ్మ. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"కాదన్నానా? వెనకాల ఎవరున్నారో కనుక్కో."

నేను కాలిపర్స్ తెరిచాను.

"అదేం మిషనురా?" అంది పెద్దమ్మ.

"మూతి వెడల్పు చూద్దామని."

"నీళ్లు తాగే చెంబుకి కొలతలెందుకు? చొక్కా కుట్టిస్తావా ఏంటి?"

చెంబు తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి తనే తిప్పింది. పొట్ట చుట్టూ నున్నగా ఉంది.

"ఇది ఆ చెంబు కాదు పెద్దమ్మా. దానికి సొట్ట ఉండాలి. నేనేగా బస్టాండులో పడేసింది."

"నువ్వు పడేసింది స్టీలు గ్లాసు. దీనికి సొట్టెప్పుడుంది?"

"ఏ చెంబు కావాలో గుర్తులతో సహా తెలుసే అబ్బాయికి!" అని నవ్వింది పక్కింటావిడ.

అసలుది అటక మీద దాచి దీన్ని తెచ్చి పెట్టిందని నాకు అప్పుడే అనిపించింది. పైకి అనలేదు. తొమ్మిది ఫొటోలు తీశాను. మూత తియ్యమంటే తనే మర విప్పి పట్టుకుంది. తర్వాత కాఫీ ఇచ్చింది. చెంబు చంకలో పెట్టుకునే ఇచ్చింది.

మర్నాడు షాపులో ఫొటోలు పెద్దవి చేసి చూశాను. సొట్ట సరిచేయించిందేమోనని సుత్తి దెబ్బల కోసం వెతికాను. ఒక్కటీ లేదు. చివరి ఫొటోలో మూత లోపల, మర గాడిలో తెల్లటి చుక్కలు కనిపించాయి. కెమెరా దోషం అనుకుని ఇంకా పెద్దది చేశాను. బియ్యపు గింజలు.

నీళ్ల చెంబు మూతలోకి బియ్యం ఊరికే రావు. ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, బియ్యం కదిలాయా?"

"నీకెవరు చెప్పారు?"

"ఫొటోలో కనపడ్డాయి."

"ఒక్క గింజ కదల్లేదురా. మూత తీసి బియ్యంలో బోర్లించి కూడా చూశా."

"ఎన్ని చెంబులకి పోశావు?"

"ఎన్నేంటి? నాకున్నదే అదొక్కటైతే!"

రెండో చెంబు ఉండి ఉంటే ఆ పరీక్ష దానికీ జరిగేది, ఆ మాట ఆమె నోట జారేది. ఈ లెక్క నాకు వెంటనే తట్టింది. దాన్ని నమ్మడానికి రెండు రోజులు పట్టింది. బస్సు మెట్టు, చప్పుడు, సొట్ట మీద నా బొటనవేలు, అన్నీ ఇప్పటికీ నాకు స్పష్టంగానే ఉన్నాయి. గ్లాసు మాత్రం గుర్తు లేదు. మూడో రోజు బొమ్మలోంచి సొట్ట తీసేశాను. చెంబు మీది పెద్దమ్మ వేళ్లు చెరిపేద్దామనుకున్నాను గానీ ఉంచేశాను. మూత లోపలి గింజలు ఫొటోలో ఉన్నవి ఉన్నట్టు గీశాను. ఏడు.