రోజు విడిచి రోజు

విమానాశ్రయంలో సరుకుల విభాగంలో కాగితాలు సరిచూడటం నా ఉద్యోగం. ప్రతి అక్షరాన్నీ అనుమానంగా చూడటమే నా పని. అందుకే కంపెనీ ఆరోగ్య బీమా ఫారం పంపినప్పుడు మూడు రోజులు దాన్ని వదల్లేదు. గది అద్దె ఎంతవరకు ఇస్తారు, పాత జబ్బులకు ఎన్నాళ్లు ఆగాలి, ఏ ఆసుపత్రిలో ముందుగా డబ్బు కట్టకుండా చేరొచ్చు, అన్నీ అడిగాను. చివరికి హెచ్‌ఆర్ ఆయన నా నంబరు చూస్తేనే హడలిపోయేవాడు.

ఒక్కచోట మాత్రం నా తెలివి పనిచేయలేదు. సొంత తల్లిదండ్రులనైనా చేర్చుకోవచ్చు, అత్తమామలనైనా చేర్చుకోవచ్చు. రెండు వైపులా కుదరదు. మా నాన్న లేడు, మామయ్యా లేడు. మిగిలింది మా అమ్మ, మా అత్తమ్మ. ఇద్దరికీ బీపీ.

"ఇద్దరికి చోటుంది గద సార్. అమ్మ ఒకరు, అత్తమ్మ ఒకరు. మీకు పోయేదేముంది?" అన్నాను ఫోన్లో.

"ఇద్దరు ఒక్క దిక్కోళ్లే ఉండాలె మేడమ్. రూల్ గట్లనే ఉంది."

"రూల్ రాసినాయనకు అమ్మ, అత్త ఇద్దరు లేరా ఏంది?"

ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

అత్తమ్మ పేరే రాశాను. శంషాబాద్‌లో మా దగ్గరే ఉంటుంది కాబట్టి అని అందరికీ చెప్పాను. అసలు సంగతి అది కాదు. అమ్మ పేరు రాశాక అత్తమ్మకు ఏమైనా అయితే ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగలేనని భయపడ్డాను. జీతంలో ఇంకొంచెం కోతకు ఒప్పుకుంటే రోజూ వాడే మందులు కూడా ఇంటికే పంపుతామన్నారు. దానికీ సరేనన్నాను. అమ్మ మైలార్‌దేవ్‌పల్లిలో తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆమెకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచి పని జేసినవ్ బిడ్డా," అంది. ఆ మాట వినగానే నా గుండె మీద బరువు దిగిపోయింది. అంత తొందరగా దిగిపోయినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

నెలనెలా బీపీ గోళీల ప్యాకెట్ వచ్చేది. నేను డ్యూటీలో ఉండగానే అత్తమ్మ అందుకునేది. ఆ వారంలోనే బస్సెక్కి మైలార్‌దేవ్‌పల్లి వెళ్లి, అమ్మను చూసి వచ్చేది. వియ్యపురాళ్లకు అంత పొత్తు ఎక్కడా చూడలేదని మా ఆయన ఆటపట్టించేవాడు.

"నెలనెలా ఏం ముచ్చట్లు పెడ్తరు అత్తమ్మా?" అని నేనూ అడిగాను ఒకసారి.

"నీ మీద చాడీలు చెప్పుకుంటం. ఒక్క రోజుల అయిపోతయా అవి?" అంది.

ఒక పొద్దున అత్తమ్మ బియ్యం కడుగుతూ గిన్నె జారవిడిచింది. వంగి తీయబోయి అలాగే పక్కకు ఒరిగిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు కదలలేదు. మూతి వంకర పోయింది. అత్తాపూర్ వైపు ఆసుపత్రికి తీసుకెళ్లాం. కార్డు చూపించగానే చేర్చుకున్నారు, ఒక్క పైసా అడగలేదు. ఆమె లోపల అలా పడి ఉంటే, బయట నేను మా ఆయనతో "చూసినవా, అత్తమ్మ పేరు రాసుడే మంచిదైంది" అన్నాను. గర్వంగానే అన్నాను.

డాక్టరమ్మ బయటికి వచ్చి, బీపీ గోళీలు రోజూ వేసుకుంటుందా అని అడిగింది. ఒక్క పూట కూడా తప్పదు, ఇంటికే వస్తాయి అన్నాను. చూస్తే అలా లేదంది. నేను ఊరుకోలేదు. అంటే నేను అబద్ధం చెబుతున్నానా అని ఆమె మీదికి వెళ్లాను. మా ఆయన చెయ్యి పట్టి లాగాడు.

మధ్యాహ్నానికి అమ్మ వచ్చింది. ఐసీయూ అద్దంలోంచి అత్తమ్మను చూసింది. వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"రోజు ఇడిచి రోజు ఏసుకుంటే గిట్లయితదా బిడ్డా?"

నాకు అర్థం కాలేదు. అమ్మే చెప్పింది. సర్కారు దవాఖానలో ఇచ్చిన గోళీలకు అమ్మ కాళ్లు వాచాయట. డాక్టర్ వేరేవి బయట కొనుక్కోమని రాశాడు. తమ్ముడికి ఎందుకు ఖర్చని అమ్మ మానేసింది. ఆ చీటీ అత్తమ్మ కంటపడింది. తనవీ అవే గోళీలు. ఇక అప్పటినుంచి నెల ప్యాకెట్‌లో సగం కత్తిరించి తెచ్చేది. ఒకరోజు ఆమె, ఒకరోజు ఈమె.

"నేను వద్దనే అన్న బిడ్డా. ‘నీ బిడ్డ నీ పేరు ఇడిచిపెట్టి నా పేరు రాసింది వదినా, నీ వాటా నీకిస్తున్న’ అన్నది మీ అత్తమ్మ. నీకు చెప్తే తిడ్తవని చెప్పలే."

నా కోపం ఎవరి మీదికి పోవాలో తెలియక అమ్మ మీదికే పోయింది.

"ఆమె గోళీలు నువ్వు మింగినవ్. ఇప్పుడు చూడు, ఆమె మంచంల పడ్డది," అన్నాను. వరండాలో అందరూ వింటున్నారు. అమ్మ చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

కిందికి దిగి మందుల షాపులో ఆ గోళీల షీటు ఎంత అని అడిగాను. డ్యూటీలో నేను తాగే టీల ఖర్చు పాటి కూడా లేదు. పాలసీలో ప్రతి ముక్కా చదివినదాన్ని, ఏ గోళీ వేసుకుంటున్నావమ్మా అని ఒక్కసారి అడిగి ఉంటే నేనే కొనిచ్చేదాన్ని. ఫారంలో అత్తమ్మ పేరు నింపగానే అమ్మ సంగతి తేలిపోయిందని అనుకున్నాను. ఆ షాపు ముందే ఏడ్చాను.

అత్తమ్మను ఇంటికి తెచ్చాం. మనుషులను గుర్తుపడుతుంది. మాట రాలేదు. అమ్మకు నేను గోళీలు కొని పంపాను. వారం తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. షీట్లు విప్పనే లేదట, ఇక జన్మలో గోళీ ముట్టనంటోందట. వెళ్లి కాళ్లు పట్టుకున్నాను. "నేనన్నది మరిచిపో అమ్మా" అని బతిమాలాను. "నువ్వన్నది నిజమే గద" అంది.

ఇప్పుడు రోజూ పొద్దున డ్యూటీకి వెళ్లేముందు అమ్మకు వీడియో కాల్ చేస్తాను. నా ఎదుటే గోళీ వేసుకోవాలి, చివరికి అమ్మ ఒప్పుకున్న ఒప్పందం అది. నిన్న గోళీ చేతిలో పట్టుకుని అడిగింది.

"వదినకు మాటొచ్చిందా?"

"రాలే అమ్మా."

గోళీని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత గోళీ మింగి, నాకు కనబడేలా నోరు తెరిచి చూపించింది.