కొలంబో వీధిలో మా అత్త చాపిన పడుగు

మా అత్త పోయింది. పోయిన వారం పొద్దున్నే మా మరిది పోచంపల్లి నుంచి జడ్చర్లలోని మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విడవకుండా, మంచినీళ్లు ముట్టకుండా గుమ్మం బయటే నిలబడ్డాడు. చావు కబురు తెచ్చినవాళ్లు మా వైపు ఇంట్లోకి రారు. "అమ్మ పోయింది వదినె, జర జల్ది బయలెల్లుండ్రి" అన్నాడు. పోచంపల్లిలో ఏడ్చేవాళ్లు ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. దారి పొడుగునా కొలంబోయే గుర్తుకొచ్చింది.

చాలా ఏళ్ల కిందట కొలంబోలో నేత నేర్పే బడి ఒకటి పెట్టి మా ఆయనను పంతులుగా పిలిచారు. అప్పటికి మాకు పెళ్లై ఏడాది కాలేదు. నేను రానని మొండికేశాను. అత్త అప్పటిదాకా యాదగిరిగుట్ట దాటి ఎరగదు. "నేనొస్త పా. నీకు జర అలవాటయ్యేదాక ఉండి ఎనుకకు మర్లుత" అంది. రైళ్లు మారి, సముద్రం మీద ఓడెక్కి పోయాం. ఓడలో నేను వాంతులు చేసుకుంటుంటే ఆమె ఎవరి పిల్లనో ఒళ్లో వేసుకుని జోకొడుతోంది.

అక్కడ అన్నం ఎర్రగా ఉండేది. ఏ కూర చూసినా కొబ్బరే. జొన్నరొట్టె మాట దేవుడెరుగు. వీధిలో మాట్లాడేది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా ఆయన బడికి పోగానే నేను తలుపు గడియ పెట్టుకునేదాన్ని. సాయంత్రం రాగానే "ఊరికి పోదాం" అని మొదలుపెట్టేదాన్ని. ఒకనాడు ఆయనకు విసుగొచ్చి, "అమ్మ పోయేటప్పుడు నువ్వు గూడ పో. నేనొక్కన్నే ఉంట" అన్నాడు. కోపంలో అన్నమాటే గానీ, నేను దాన్నే పట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పోతే కాపురం ఏమవుతుందో నాకూ తెలుసు.

అత్తకు ఈ బాధలేవీ లేవు. మొదటి వారమే సంచి పట్టుకుని బజారుకు పోయింది. చేపను ఎత్తి, వాసన చూసి, ముఖం చిట్లిస్తే అమ్మేవాడు ధర తగ్గించేవాడట. "మాట రాకుంటె మొకమన్న చూపెట్టాలె బిడ్డా. తలుపేసుకుంటె ఏ ఊరైనా జేలే" అనేది. నేను వినేదాన్ని. తలుపు మాత్రం తీసేదాన్ని కాదు.

ఊరికే కూర్చుంటే ఆమెకు ఒళ్లు నొప్పులు. కొడుకుతో నూలు తెప్పించుకుని, మగ్గానికెక్కించే నిలువు పోగులన్నీ వరసగా పేర్చి పడుగు తయారుచేసింది. మగ్గం ఇంట్లో పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు ఆ మర్నాడు చేసింది. తెల్లవారగానే గుంజలు పాతి, వీధికి అడ్డంగా పడుగు చాపి కుంచెతో గంజి పట్టించడం మొదలుపెట్టింది. మా ఊళ్లో పొద్దున వీధి పడుగులదే. బండివాడైనా ఆగి పక్క సందులోంచి పోతాడు, పడుగు దాటడు. కొలంబోవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పారు?

సైకిల్ మీద రొట్టెలు అమ్మేవాడు వచ్చి గంట కొట్టాడు. అత్త కుంచె పట్టుకుని అడ్డం నిలబడింది. "ఏందయ్యా, కండ్లు కనవడ్తలేవా? పడుగు మీదికెల్లి పోతవా?" అని తెలుగులో దులిపింది. అతను తన భాషలో దులిపాడు. వెనక ఇంకో రెండు సైకిళ్లు ఆగాయి. తలుపు సందులోంచి చూస్తున్న నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. అత్త అరిచింది: "ఓ పిల్లా! గంజి ఆరుతాంది, జల్ది రా!"

గంజి ఆరిపోయేలోపు కుంచె తిప్పకపోతే పోగులన్నీ అతుక్కుని పడుగు పాడవుతుంది. అది చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. గడియ తీసి బయటికొచ్చాను. ఏం చెప్పాలో తెలియక పడుగు కింద రెండు చేతులూ పెట్టి మెల్లగా ఎత్తి చూపించాను. ఎదురింటామె కాఫీ కప్పు గోడమీద పెట్టి వచ్చి అటువైపు ఎత్తింది. రొట్టెలాయన నడుం వంచి, సైకిలును ఏటవాలుగా పట్టుకుని కింద నుంచి దూరిపోయాడు. అత్త మళ్లీ కుంచె పనిలో పడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఊరికి వచ్చాక అదే మొదటిసారి.

మర్నాడు ఎదురింటామె నన్ను బజారుకు తీసుకెళ్లింది. ఉప్పు, నీళ్లు, ఎంత, చాలు అనే మాటలు ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నన్ను బయటికి లాగడానికే అట్లా చేశావా అని అత్తను అడిగాను కూడా. "నీకోసమని పడుగు ఖరాబు చేసుకుంటనా? గిది వేరే ఊరని యాదికి లేకుండె" అంది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. ఆమె పొరపాటుకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆమె తిరిగి వెళ్లే రోజు వచ్చింది. "మూట కట్టినవా?" అని అడిగింది. లేదన్నాను. ఓడ ఎక్కే రేవు దాకా రైల్లో దింపి రావడానికి మా ఆయన వెంట పోతున్నాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఇంట్లో నేనొక్కదాన్నే. స్టేషన్‌లో రైలు కదిలేదాకా ఉందామనుకుంటే అత్త ఒప్పుకోలేదు. "నువ్వే ముందుగాల పో. ఒక్కదానివి నడుసుకుంట పోతుంటె నేను సూడాలె. గప్పుడు నా పానం నిమ్మలమైతది."

నడిచాను. గేటు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగాను. రైలు కిటికీలోంచి ఆమె ఒక చేత్తో, కోడిపిల్లలను తోలినట్టు, పో పో అంటోంది. రెండో చేత్తో కొంగు నోట్లో కుక్కుకుంటోంది.