పెద్ద కడప

వాన వెలిసిన సాయంత్రాల్లో మా బాల్కనీలో పసుపు వాసన వస్తుంది. పక్క ఫ్లాటు వాళ్లు అది మా వంటింటిదనుకుంటారు. నేనొక్కదాన్నే ఉండే ఇంట్లో అంత వంట ఎక్కడిది? గోడ వారగా పడుకోబెట్టిన వేపమాను దిమ్మెది ఆ వాసన. ఎన్ని తరాల ఆడవాళ్లో శుక్రవారం శుక్రవారం రుద్దిన పసుపూ నువ్వుల నూనే దానిలోకి ఇంకిపోయి, తడి తగిలితే చాలు మళ్లీ బయటికి వస్తాయి. వడమాలపేట దగ్గర మా ఊళ్లో అది మా ఇంటి కడప.

పుస్తకాల్లో గడప అని రాస్తారు, మా వైపు కడప అంటాం. కడ అంటే చివర, కడచు అంటే దాటు. తిరుపతి కాలేజీలో తెలుగు చెప్పినన్నాళ్లూ ఈ మాట దగ్గరికి వస్తే నా పాఠం గంట దాటిపోయేది. పొద్దు గడిచిందన్నా, కాలం గడుపుతున్నామన్నా, గడువు తీరిందన్నా, పోయినవాళ్లను కడసారి చూడాలన్నా అంతా ఆ కుదురే. ఊరు ఎంత పెద్దదో చెప్పాలంటే ఇన్ని కడపలని చెప్పేవాళ్లు. ఏడుకొండల స్వామి దగ్గరికి నడిచి వచ్చేవాళ్లకు ముందుగా తగులుతుంది కాబట్టే కడప ఊరికి ఆ పేరు వచ్చిందని మా అవ్వ నమ్మకం. మా ఇంటిని పెద్దకడప అనేవాళ్లు. వీధిలో ఎవరైనా "ఎవురి బిడ్డవు మే" అని అడిగితే ఆ ఒక్క మాట చాలు, నాయన పేరు చెప్పే పని లేదు. బోర్లు ఎండి, చెరుకు తోటలు ఒక్కొక్కటే చేజారిపోయాక కూడా మేము ఆ పేరు చెప్పే తలెత్తుకు నడిచాం.

ఎండాకాలంలో ఇల్లంతా కాగిపోతున్నా కడప దగ్గర మాత్రం వీధిలోంచి పెరటిదాకా సన్నగా గాలి ఆడేది. గంగమ్మకు పోసి తెచ్చిన అంబలి గిన్నెతోనో, అవ్వ కుండలో దాచిన బెల్లం అత్తిరాసంతోనో నేను సరిగ్గా దాని మీదే కూర్చునేదాన్ని. అవ్వ ఎక్కడున్నా కనిపెట్టేసేది.

"లెయ్ మే. ఇంట్లోకొచ్చే లచ్చిమి నీ నెత్తినెక్కి రావల్లనా?"

తొక్కకూడదు, కూర్చోకూడదు. అన్నిటికన్నా పెద్ద కట్టడి, దాని మీదుగా ఒకరికొకరు ఏమీ ఇచ్చిపుచ్చుకోకూడదు. పొరుగావిడ మజ్జిగకు వస్తే ఆమె అయినా లోపలికి రావాలి, అవ్వ అయినా బయటికి పోవాలి. ఎవరో ఒకరు దాటితే తప్ప చెంబెడు మజ్జిగ చేతులు మారేది కాదు.

నాయన, చిన్నాయన భాగాలు పంచుకున్నప్పుడు ఇంటికి చీటీలు వేశారు. ముందరి సగం, పెద్ద కడపతో సహా, చిన్నవాడైన చిన్నాయనకు వచ్చింది. పెద్దమనుషులు ఇంకా తిన్నె మీదే ఉన్నారు. నాయన లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సచ్చినా ఇంక నీ కడప దాటను," అన్నాడు తమ్ముడితో. మర్నాడే పెరటి గోడ పగలగొట్టించి మాకు వేరే వాకిలి పెట్టించాడు. ఆ వాకిలికి కడప వేయించలేదు. అవ్వ చిన్నాయన దగ్గర ఉండిపోయింది.

అవ్వ మంచాన పడ్డాక నాయన రోజూ పోయి వీధి తిన్నె మీద కూర్చునేవాడు. అది తెలిసి ఆమె తన మంచం కడప దగ్గరికి వేయించుకుంది. తల్లీకొడుకులకు మధ్య ఆ దిమ్మె ఒకటే అడ్డం.

"రేయ్ పెద్దోడా, గొంతెండతా ఉండాది. నీ ఇంటి నీళ్లు రోంత ఇయ్యరా," అంది ఒక పొద్దు.

నాయన మా ఇంటికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి కడప ముందు నిలబడ్డాడు. లోపల స్తంభం పక్కన చిన్నాయన నేల చూస్తూ "రాన్నా," అన్నాడు. నాయన వెనక్కి తిరిగాడు. వెంట వచ్చిన నా చేతికి చెంబు ఇచ్చాడు. "పోయి ఇచ్చి రా మే."

నేను దాటి పోయి ఇచ్చాను. అవ్వ నా భుజం మీదుగా ఆయన్నే చూస్తూ తాగింది.

"పురిటింటినించి నిన్ను సంకలో ఏసుకోని ఈ కడప దాటించింది నేనే. ఆ పొద్దే రానని మొండికేసుంటే బాగుండు కదరా," అంది.

నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. దాటలేదు. ఆ వారంలోనే అవ్వను పాడె మీద మోసుకుని కడప దాటించారు. వీధిలో నిలబడి ఉన్న నాయన అప్పుడు భుజం పట్టాడు. చివరికి ఆమే ఆయన దగ్గరికి వచ్చింది.

నాయన పోయాక కూడా నేను ఆ ఇంట్లోకి పోలేదు. మొన్న రోడ్డు వెడల్పు చేస్తూ ఇల్లు పడగొట్టారు. చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు: "అక్కా, కడప నీకే. వచ్చి తీస్కపో." వెళ్లేసరికి గోడల్లేవు. మట్టిలో కడప ఒక్కటే మిగిలి ఉంది, అవతల అతడు నిలబడి ఉన్నాడు.

"లోపలికి రాక్కా."

"ఇంక లోపలెక్కడుందిరా?"

నవ్వి, గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఎటువైపు నుంచైనా నడిచి రావచ్చు, అయినా తిన్నగా కడప దగ్గరికే వచ్చి ఆగాడు. నేనూ ఇవతల ఆగాను. ఇద్దరివీ నెరిసిన తలలే. నా కాలు లేవలేదు.

"అచ్చం పెదనాయనవే నువ్వు," అని అతడు, తొక్కకుండా, కాలెత్తి దాటి వచ్చి గ్లాసు నా చేతిలో పెట్టాడు. నీళ్లు తాగాను.

అతడిప్పుడు నగరిలో కొడుకు దగ్గర ఉన్నాడు. ఆ ఊళ్లో పెద్దకడప అంటే తెలిసేవాళ్లు లేరు. మా ఫ్లాటు తలుపు కింద సన్నటి రాతి పట్టీ ఉంది, ఎవరైనా దాన్ని తొక్కే లోపలికి వస్తారు, వచ్చేవాళ్లుంటే. శుక్రవారం నేను దిమ్మెకు పసుపు రాస్తాను. వానకు వాసన లేచినప్పుడు కాఫీ గ్లాసు పట్టుకుని పోయి దాని మీదే కూర్చుంటాను. ఎంతసేపు కూర్చున్నా, లెయ్ మే అనేవాళ్లు లేరు.