సంతలో వచ్చిన పేరు

పోయిన నెల కడపలో మా చెల్లెలి మనవరాలి పెళ్లికి వెళ్లాను. భోజనాల హాల్లో ఒక మూల నలుగురైదుగురు చెవిటి పిల్లలు, పెళ్లికూతురి స్నేహితులట, చేతులతో మాట్లాడుకుంటూ పగలబడి నవ్వుతున్నారు. మేళానికీ మైకుకూ మధ్య, అంత రొదలో, ఒకరి మాట ఒకరికి తెలుస్తున్నది వాళ్లకే. వాళ్లలో ఒకమ్మాయిని పిలవాల్సి వచ్చినప్పుడల్లా మిగతావాళ్లు వేలితో బుగ్గమీద సొట్ట పెట్టి చూపిస్తున్నారు. ఆ పిల్లకు నవ్వితే సొట్ట పడుతుంది. అదే పేరన్నమాట. నా పక్కన కూర్చున్న చుట్టాలావిడ పాయసం జుర్రుతూ, "పాపం, మూగోళ్లు" అంది. వయసు మీద పడితే కోపం తగ్గుతుందనే వాళ్లు మా ఇంటి ఆడవాళ్లను చూసి ఉండరు. "పాపం మనం. వాళ్లు మనల్ని ఏమని నవ్వుకుంటాండారో కూడా మనకు తెలీదు" అన్నాను. ఆవిడ నా వైపు మళ్లీ తిరగలేదు. నాకు మాత్రం పెరుగన్నం దాకా మా చిన్నత్తే కళ్లముందు ఉంది.

చిన్నత్త మా నాయనకు కడగొట్టు చెల్లెలు. పుట్టు చెవిటి. మా ఊరు ఆత్మకూరుకు దగ్గర్లో, నల్లమల కనిపించేంత దూరంలో ఉండేది. కొండకు పడిన వాన మా చేలకు పడేది కాదు. కర్నూలు రాజధాని అయిన కొత్తరోజులవి. మా తాతను, అంటే నాయనకు నాయనను, మేం జేజినాయన అనేవాళ్లం. ఆయన ఒకసారి కర్నూలు పోయి, సర్కారు కచేరీలు డేరాల్లో నడుస్తుంటే చూసి వచ్చి, "మన కళ్లందొడ్డే నయం, దానికి కప్పన్నా ఉండాది" అని నెలరోజులు చెప్పుకున్నాడు. ఆయన మాటకు ఊళ్లో ఎదురు లేదు. ఇంట్లో అసలే లేదు.

తొట్టి ఉయ్యాలలో వేసిన నాడు జేజినాయన చిన్నత్త చెవిలో మూడుసార్లు చెప్పిన పేరొకటి ఉండేది. ఆ చెవిలోకి ఏదీ పోదని తెలిసేసరికి ఏడాది దాటిందట. ఆ తరువాత ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. ఆమెను పిలవాలంటే ఊరంతా చేసేది ఒకటే: అరచేతిని నోటికి అడ్డం పెట్టి చూపించడం. మూగది అని. మా ఇంట్లో కుక్కకు కూడా అంతకంటే మంచి పేరుండేది. ఆమెకు ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఆ సైగకే తిరిగి చూసింది, ఆ సైగకే లేచి వచ్చింది. వేరే పేరుంటుందని తెలిస్తే కదా.

తెలిసింది ఆత్మకూరు సంతలో. వారం వారం బండి మీద మిరపకాయలూ నెయ్యీ వేసుకుని జీతగాడితో ఆమె పోయేది. తోకలా నేనూ పోయేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్లు. సంత చివర పరుపులు కుట్టే సాయిబు కొట్టం ఉండేది. ఆయనా చెవిటివాడే. దూది ఏకే విల్లు చప్పుడుకు పక్కవాళ్లు చెవులు మూసుకుంటుంటే, గాలిలో ఎగిరే దూదిలో గడ్డమంతా తెల్లబడి, ఆయన హాయిగా నవ్వుతూ ఉండేవాడు. ఆ కొట్టం వెనక నీడలో తమలపాకులమ్మే ఒక ముసలామె, గొర్రెల పల్లె నుంచి కంబళ్లు తెచ్చే ఒక మనిషి చేరేవాళ్లు. ఇద్దరూ చెవిటివాళ్లే. చిన్నత్త ఒకరోజు వాళ్ల చేతులాడటం చూసి నిలబడిపోయింది. మళ్లీ వారానికి వాళ్ల మధ్య కూర్చుంది. నెల తిరిగేసరికి బండి కట్టినా లేచేది కాదు.

వాళ్లందరికీ పేర్లున్నాయి. సాయిబుది గడ్డం మీద దూది దులపడం. ముసలామెది ఆకుకు సున్నం రాయడం. కంబళ్లాయనది భుజం మీద కంబడి సర్దుకోవడం. చిన్నత్తకు ఆశ పుట్టింది. తన కమ్మలు తాకి చూపించి, ఇదీ నా పేరు అంది. ముగ్గురూ పడీపడీ నవ్వారు. ముసలామె చిన్నత్త చేతిని చెవి దగ్గరి నుంచి కిందికి దించింది. పేరు ఎవరికి వాళ్లు పెట్టుకునేది కాదట. మేం చూస్తాం, చూసి పెడతాం, అంతదాకా ఉండు అని చెప్పింది. ఆ రోజు దారి పొడుగునా చిన్నత్త మూతి ముడుచుకునే ఉంది.

ఎండలు ముదిరాక ఒక సంతనాడు ఆ కొట్టం ముందే గొడవ జరిగింది. ఒక బట్టల వ్యాపారి తన కంబడి పోయిందని, కంబళ్లాయన చేతిలో ఉన్నది అదేనని అరిచాడు. తలారి వచ్చి కంబళ్లాయన మెడ పట్టుకున్నాడు. "ఏమప్పా, అడుగుతాంటే పలకవేంది? దొంగోడివి కాబట్టే పలకవు" అంటాడు. చెవిటివాణ్ణి పలకమంటాడు! ఆయన చేతులతో ఏదో చెప్పబోతే, కొట్టడానికి లేపాడనుకుని తలారి కర్ర ఎత్తాడు. చిన్నత్త ఇద్దరి మధ్యకు పోయి నిలబడింది. కాళ్లు రెండూ ఎడంగా పెట్టి, గుంజ పాతినట్టు.

తలారి అరచేతితో నోరు మూసి చూపించి, "రెడ్డిగారి మూగది కదా నువ్వు, పక్కకు పో" అన్నాడు. ఆమె కదల్లేదు. భుజం పట్టి తోశాడు. మళ్లీ అదే చోటికి వచ్చి నిలబడింది. కమ్మ ఊడి కింద పడింది. తీసుకోలేదు. అప్పుడు కంబళ్లాయన భుజం మీది పాత కంబడిని లాగి, చేతిలోని కొత్తదాని పక్కన పరిచి చూపించింది. రెండింటికీ అంచున ఒకే ఎర్రచార. వ్యాపారి గుట్టలో ఒక్కదానికీ అది లేదు. జనంలో ఒకడు, "ఓయప్పా, నీ కండ్లకు ఏమైంది?" అని వ్యాపారిని అడిగాడు. సంతంతా నవ్వింది. తలారి కర్ర దించాడు.

కంబళ్లాయన ఏడుస్తూ కూర్చున్నాడు. సాయిబు విల్లు పక్కన పెట్టి వచ్చాడు. ఎడమ అరచేయి చాచి, దాని మీద కుడిచేతి రెండు వేళ్లను కాళ్లలా నిలబెట్టి, గట్టిగా నొక్కాడు. ముసలామె చూసి తల ఊపి, తనూ అలాగే చేసింది. తరువాత కంబళ్లాయన. నిలబడినామె. చిన్నత్త ఆ ముగ్గురి చేతులనూ మార్చి మార్చి చూసింది. ఆమె ముఖం అలా వెలగడం నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికి రాగానే అందరినీ వరసగా పట్టుకుని కొత్త పేరు చూపించింది. జేజినాయనకు కోపమొచ్చింది. "నేను పెట్టిన పేరుండగా సంతలో సాయిబు పెట్టేదేంది?"

జేజి, అంటే మా నాయనమ్మ, రోటి దగ్గర నుంచి తల ఎత్తకుండానే అంది, "నువ్వు పెట్టినావు సరే. ఆ పేరు అది ఎప్పుడన్నా విన్నిందా?"

చిన్నత్త పోరు మర్నాడే మొదలైంది. నోరు మూసి చూపించి ఎవరు పిలిచినా ఆమె తిరగదు. చూస్తుంది, గోడను చూసినట్టు చూసి తన పని తను చేసుకుంటుంది. మేం పిల్లలం ఒక్క పూటలో కొత్త పేరుకు మారాం. జేజి ఆ సాయంత్రానికే మారింది. జేజినాయన మారలేదు. సంగటి పెట్టేది చిన్నత్తే. మజ్జిగ కావాలని ఆయన నోటికి చేయి అడ్డం పెడితే, ఆమె కుండ పట్టుకుని ముందుకు పోయేది. పొడి సంగటి మింగుతూ ఆయన, "దీనికి శానా పొగరు" అనేవాడు. "యాడి నుంచి వచ్చిందో" అనేది జేజి. చెనిక్కాయ విత్తిన నాటి నుంచి పీకే నాటి దాకా, నాలుగు నెలలు, ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్లు ఇలాగే ఉన్నారు. లోకువగా నవ్వుకున్నవాళ్లు ఉన్నారు, బుద్ధి చెప్పిన వాళ్లున్నారు. ఆమె వంగలేదు.

చివరికి రాజంపేట వైపు నుంచి జేజినాయనకు వరసకు బావ అయ్యే పెద్దమనిషి వచ్చాడు. మంచం మీద కూర్చుని, వాకిట్లో ఉన్న చిన్నత్తను చూసి, నోటికి చేయి అడ్డం పెట్టి, నీళ్లు తెమ్మని నవ్వుతూ సైగ చేశాడు. ఆమె చూసి ముఖం తిప్పుకుంది. "ఏంది బావా, నీ మూగదానికి కండ్లు కూడా పోయినాయా?" అన్నాడాయన.

జేజినాయన ముఖం ఎర్రబడింది. ఇంక ఆమెకు దెబ్బలేననుకున్నాం మేమంతా. ఆయన లేచి నిలబడ్డాడు. "అట్ల పిలవాకప్పా. నా కూతురికి పేరుండాది" అని, ఎడమ అరచేయి చాచి, కుడిచేతి వేళ్లు దాని మీద పెట్టాడు. జీవితమంతా నాగలి మేడి పట్టిన వేళ్లు, నిటారుగా నిలవలేదు. మోకాళ్ల మీద కూర్చున్నట్టు వంగాయి.

చిన్నత్త దగ్గరికి వచ్చింది. బావ చూస్తుండగానే తండ్రి వేళ్లు పట్టుకుని, ఒక్కొక్కటే సాపు చేసి నిలబెట్టింది. నొక్కమని కళ్లతో చెప్పింది. ఆయన నొక్కాడు. అప్పుడు పోయి నీళ్లు తెచ్చింది.

చిన్నత్త పోయి చాలా కాలమైంది. ఆమెనెరిగిన ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురు ఇంకా ఆ ఊళ్లో ఉన్నారు. మాటల్లో ఆమె ప్రస్తావన వస్తే వాళ్ల నోళ్లు ఆగిపోతాయి, అరచేతుల మీద రెండు వేళ్లు లేచి నిలబడతాయి. తొట్టిలో పెట్టిన పేరేమిటని అడిగితే ఒక్కరికీ గుర్తులేదు, నిజం చెప్పాలంటే నాకూ లేదు. ఇన్నేళ్లలో కాలం మా ఇంట్లో ఎందరి పేర్లనో చెరిపేసింది, ఎవరూ నోటితో పలకని ఆ ఒక్క పేరు జోలికి మాత్రం ఇంకా రాలేదు.