ఎదురంగడి గేజి

కుందుర్పి బస్టాండు పక్కన నాకు పంచర్ అంగడి ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సరిగ్గా నా ఎదురుగా ఒక భాయ్ ఇంకో అంగడి తెరిచాడు. కొత్త కంప్రెసరు, దానికి గాలి ఎంతుందో చూపే పళ్ళెమంత గుండ్రటి గేజి. ముల్లు ఎక్కడుందో రోడ్డు మీద నుంచే కనపడేది. నాదేమో పెన్ను లాంటి గేజి. కళ్ళ దగ్గర పెట్టుకుంటే తప్ప అంకెలు తెలియవు. ఆ గేజిని చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

అయినా నాకొక ధైర్యం ఉండేది. కళ్యాణదుర్గానికి జీపు తోలే పెద్దాయన ఆరేళ్ళుగా నా దగ్గర తప్ప ఎక్కడా గాలి పట్టించుకోలేదు. ఆయన ఎక్కడ ఆగితే మిగతా జీపులూ అక్కడే ఆగేవి. ఆయన ఉన్నంతకాలం నా అంగడికి ఢోకా లేదు.

మా వైపు టైర్లకు ఎండ ఒక్కటే శత్రువు. మధ్యాహ్నం ట్రిప్పు దిగగానే, చక్రం కాలుతుండగానే గేజి పెట్టించి, ఎక్కువైన గాలి తీసేయించుకోవడం అందరికీ అలవాటు. చలికాలంలోనూ అంతే. నేనూ అట్లాగే తీసి, ముప్పై పాయింట్లకు నిలిపి పంపేవాణ్ణి.

మార్గశిరంలో ఒకరోజు పొద్దున్నే, నేనింకా రాకముందు, పెద్దాయన ఎదురంగడిలో గాలి చూపించుకున్నాడట. నేను షట్టరు ఎత్తుతుండగానే వచ్చాడు.

“ఏమప్పా, నిన్న ముప్పై అంటివి. ఈ పొద్దు ఇరవై అయిదే ఉండాది. నాలుగు చక్రాలూ అంతే. ఎట్లప్పా?”

“ఎట్లేముండాదన్నా? వానిది దొంగ గేజి. గిరాకీ లాగేదానికి ముల్లు తిప్పి పెట్టుకున్నాడు. పెద్ద గేజి చూసి మురిసిపోతివి కదా, పో, ఆన్నే పట్టిచ్చుకో పో.”

ఆయన జీపెక్కి వెళ్ళిపోయాడు. మరుసటి రోజు నుంచి జీపు అటువైపు ఆగింది. వారం తిరగకముందే మిగతా జీపులూ రోడ్డు దాటాయి. నేను స్టూలు మీద కూర్చుని ఆ అంగడినే చూస్తుండేవాణ్ణి. అక్కడ ఎవరైనా నవ్వితే నన్ను చూసే అనిపించేది. నిజం చెప్పాలంటే, ఆ కంప్రెసరు పేలిపోతే బాగుండునని కూడా కోరుకున్నాను.

వాడి దొంగతనం బయటపెట్టాలని, ఒక మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చిన నా మోటారు సైకిల్ టైరుకు ముప్పై ఉంచాను. తెల్లారి చలిలో దాన్ని వాడి దగ్గరికి తీసుకెళ్ళే ముందు, ఎందుకైనా మంచిదని నా గేజి పెట్టాను. నా గేజే ఇరవై ఆరు చూపించింది! లీకేమోనని వాల్వుకు ఉమ్మి రాశాను. బుడగ రాలేదు. మధ్యాహ్నం మళ్ళీ తిరిగొచ్చి చూస్తే, గాలి కొట్టకుండానే ముప్పైకి వచ్చింది.

ఆ సాయంత్రం రోడ్డు దాటాను. “చలికి పాయింట్లు తగ్గుతాయా భాయ్?” అన్నాను, వాడికి తెలియకపోతే బాగుండునని లోపల అనుకుంటూనే.

“తగ్గుతాయన్నా. ఆ పొద్దే పెద్దాయనకు చెప్పినా, ఇది చలి చేసిన పని, నీ తప్పేం లేదని. గాలి కొడతానంటే వద్దనె. ‘ఆయప్పతోనే పట్టిచ్చుకుంటా’ అని నీ తావకే వచ్చె గదా!”

పెద్దాయన దగ్గరికి వెళ్ళి తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ గేజి నిజంగానే దొంగదైతే ఎంత బాగుండేదో! గేజీ మంచిదే, మనిషి అంతకన్నా మంచివాడు. ఆ రోజు నుంచి వాణ్ణి చూస్తే నాకు ఇంకా ఎక్కువ మండేది.