పత్తికట్టె దడి, నేను విప్పిన ముడులు

తాటినార ముడి ఎంత బరువుంటుంది? దాన్నే ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోస్తూనే తిన్నాను, నవ్వాను, హాయిగానే బతికాను. అదే నాకు వింత. తప్పు చేసినవాళ్లకు నిద్ర పట్టదంటారు. నాకు పట్టింది. ఇంట్లో ఎవరైనా తాడు చేతికి తీసుకుంటే మాత్రం నా చూపు నేలకు వాలిపోతుంది. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకే ఇది చెప్పగలుగుతున్నాను.

నాకు వాదన ఇష్టం. గుంటూరులో బి.ఏ. చదివి, పెళ్లయి పొదిలి వచ్చినప్పుడు, ఇక్కడ నాకు దీటుగా నిలిచే మనిషి ఉండదేమోనని దిగులు పడ్డాను. అత్తయ్య దొరికింది. బడి గడప తొక్కని మనిషి. నాలుక మాత్రం నాకంటే బెత్తెడు పొడుగు. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి ఓట్ల దాకా వాదించుకునేవాళ్లం. మా ఆయన హైస్కూలు మాస్టారు. ఇద్దరికీ తలూపి బడికి వెళ్లిపోయేవారు.

ఆ రోజుల్లో మా ఊరి పశువుల డాక్టరు బదిలీ అయి పోతూ తన కుక్కను మాకు వదిలేశారు. ఏడాది దూడంత ఉండేది. పేరు టైగర్. అత్తయ్యకు మాత్రం ‘పెద్దోడు’. మా పెరటికి అవతల రత్తమ్మ గారి మిరప కల్లం. ఎండబోసిన కాయల్లోకి ఇది దూకితే మా పరువేం కావాలి? కంచె కావాలి. కానీ ఏ కంచె?

ఇటుక గోడ మాస్టారి జీతానికి అందదు. ముళ్లతీగ దాని ఒళ్లు చీరేస్తుంది. నేను ఇనప వల అన్నాను, కాలేజీలో టెన్నిస్ ఆడే చోట చుట్టూ చూసినటువంటిది. అత్తయ్య పత్తికట్టె దడి అంది. పత్తి తీశాక చేలో మిగిలే కట్టె. అడిగితే ఎవరైనా ఇస్తారు.

“కుక్కకి బయట కనపడితే ఎగబడుద్ది అమ్మాయ్. కనపడకపోతే తిని పడుకుంటది. నీ వల్లోంచి బజారంతా కనపడుద్ది. దాన్ని కాపలాకి పెడతన్నావా, సినిమాకి తీసకపోతన్నావా?”

“పుల్లలు కదా అత్తయ్యా. ఒక్క గుద్దుకి పడిపోతాయి.”

“నేను కట్టింది పడుద్దా? ఈ వీధిలో ఏ దడినైనా అడుగు, ఎవరి చెయ్యో చెబుద్ది.”

అది నిజం. దడి అంటే వీధి వీధంతా ఆమెనే పిలిచేది. మా ఆయన ఈసారి వాళ్లమ్మ వైపు తలూపారు. తుమ్మ గుంజలు పాతించి, కట్టెను సందు లేకుండా నిలబెట్టి, వెదురు బద్దలు అడ్డం పెట్టి, నానబెట్టిన నారతో ఆమే కట్టింది. ముడులన్నీ పెరటి వైపుకే. బయటివాడి చేతికి అందకూడదని. నార ఎండాక ఆ ముడి రాయిలా అయ్యేది.

టైగర్ దడి పక్కన తిని పడుకుంది. రోజూ పడుకుంది. అత్తయ్య అటుగా వెళ్తూ, “ఏమంటన్నాయి అమ్మాయ్, నీ పుస్తకాలు?” అనేది. నవ్వుతూనే అనేది. నాకు నవ్వు రాలేదు. ఓడిపోవడం అంత చేదా? అందులోనూ ఒక కుక్క నిద్రపోయినందుకు?

ఒక మధ్యాహ్నం, అత్తయ్య కునుకు తీస్తుంటే, చెంబుతో నీళ్లు తీసుకుని గడ్డివాము వెనక మూలకు వెళ్లాను. కింది ముడుల మీద పోశాను. నార మెత్తబడింది. విప్పాను. ఎంత శ్రద్ధగా విప్పానో ఇప్పటికీ గుర్తుంది. కుక్క మేలుకే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నానా? లేదు, అంత అబద్ధం ఆడుకోలేదు. గెలవాలనుకున్నాను. అంతే.

మర్నాడు టైగర్ కల్లంలో పడింది. కాయల్లో పొర్లి, మంట పుట్టి, తుమ్ముతూ ఏడుస్తూ కల్లమంతా కలియదొక్కింది. వీధి పోగైంది.

“అది కుక్కా దున్నపోతా పంతులమ్మా?” అని రత్తమ్మ గారు ముందు నా మీద కేకలేసింది. “కాయంతా తొడిమలూడిపోయింది!” తర్వాత అత్తయ్య వైపు తిరిగింది. “ఈ వయసులో నీకెందుకొచ్చిన పనత్తా? చేతగానప్పుడు మానుకోవాల!”

మాట పడని మనిషి, ఆ రోజు పడింది. ముందు కుక్క కళ్లు నీళ్లతో, మూతి మజ్జిగతో కడిగింది. ఆ తర్వాత దడి మూలకు వెళ్లి, వేలాడుతున్న నారను తిప్పి తిప్పి చూసింది. ఆపైన తన వేళ్లు చూసుకుంది.

“నార తెగలా. ముడే జారింది. నా చేతుల్లో పట్టు పోయింది అమ్మాయ్. నీ వలే వేయించుకోండి.”

అప్పుడు చెప్పవలసింది. ఒక్క వాక్యం. దాని బదులు నా నోట్లోంచి వచ్చిందేమిటో తెలుసా? “నేను ముందే అన్నాను కదా అత్తయ్యా.”

వల వచ్చింది. టైగర్‌కు బజారంతా కనపడింది. ఎద్దుబండి వచ్చినా, సైకిలు పోయినా మొరుగుడే. అత్తయ్య జోస్యం అక్షరాలా జరిగింది. ఆమె ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఎవరైనా దడికి పిలిస్తే, “నా ముడి నిలవదు, ఇంకెవర్నైనా చూసుకోండి” అనేది. నులక మంచం బిగించడానికి కూడా మనిషిని పిలిపించేది. ఉప్పు మీద, ఓట్ల మీద వాదన మామూలే. చేతుల మాట వస్తే మాత్రం నాకు ఎదురు చెప్పడం మానేసింది. ఆమె దడిని కూల్చాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. దడి ఏముంది, మళ్లీ కట్టుకోవచ్చు. తన చేతుల మీద ఆమెకున్న నమ్మకాన్ని విప్పేశాను. అదీ మెత్తగా, నీళ్లు పోసి.

టైగర్ ముసలిదై మా వాకిట్లోనే పోయింది. వల మాత్రం తుప్పు పట్టి ఇంకా ఉంది. ఏటా దాని మీదికి చిక్కుడు పాదు పాకిస్తాం. చిక్కుడు మాత్రం కమ్మగా కాస్తుంది.

పోయిన వారం చిక్కుడు తీగె జారిపోతోందని అత్తయ్య నా చేతికి నార ఇచ్చింది. “నువ్వే కట్టమ్మాయ్.” కట్టాను. కళ్లు చికిలించి చూసింది. తర్వాత పగలబడి నవ్వింది.

“ఇది ముడా? పిల్లకి రిబ్బను కట్టినట్టుంది. తప్పుకో!”

లాగేసి, తనే కట్టింది. వేళ్లు వణికాయి. అయినా కట్టింది. ఆమెకు చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. మీకు చెప్పాను, కాస్త ఊపిరి ఆడుతోంది.

నిన్న రాత్రి వాన కురిసింది. పొద్దున్నే వెళ్లి చూశాను. ముడి తడిసి ఉంది. నేను దాని మీద చెయ్యి వేయలేదు.